జిడ్డులో దాక్కున్న రిసెప్టర్

(ఒక డిగ్రీ కళాశాలలో లైఫ్ సైన్సెస్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక బెంచీల వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

పోస్టర్ మీద నా టాపిక్ చూసి మీ ప్రిన్సిపాల్ గారు నిన్న రాత్రి ఫోన్ చేశారు. "గంజాయి మీద మాట్లాడతారా సార్, పిల్లల ముందు?" అని ఆయన టెన్షన్. గంజాయి మీద కాదండీ, గంజాయిలోని మందు మెదడులో ఏ ప్రోటీన్‌ని వెళ్ళి పట్టుకుంటుందో దాని మీద, అన్నాను. "రెండూ ఒకటే కదా" అన్నారు. తాళాలు బాగుచేసేవాడూ, దొంగా ఒకటే అన్నట్టుంది ఆ మాట అన్నాను. నవ్వి పెట్టేశారు. ఇప్పుడు మొదటి వరసలోనే కూర్చున్నారు కాబట్టి జాగ్రత్తగానే మాట్లాడతాను.

మన వైపు గంజాయి అంటే పేపర్లో చూసే వార్త. పాడేరు, చింతపల్లి, చెక్‌పోస్టు, కారు డిక్కీ. చట్టం సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. 1985 నాటి మత్తుమందుల చట్టంలో, అదే ఎన్‌డీపీఎస్ చట్టంలో, గంజాయి అంటే ఆ మొక్క పూత, కాయ పట్టిన కొనలు. విడిగా ఉన్న ఆకు ఆ నిర్వచనంలోకి రాదు, అందుకే ఉత్తరాదిన శివరాత్రికి భంగు దుకాణాలు కనిపిస్తాయి. ఇక చట్టాన్ని పక్కన పెడదాం.

ఇవాళ నేను చెప్పే కథలో విలన్ ఒక్కడే. జిడ్డు. మామూలు నూనె జిడ్డు.

నల్లమందు లోంచి మార్ఫీన్‌ని 1800ల మొదట్లోనే విడదీశారు. కోకా ఆకు లోంచి కొకైన్ 1860 నాటికే సీసాలో పడింది. వేల ఏళ్ళుగా మనుషులకి తెలిసిన గంజాయిలో మత్తెక్కించే పదార్థం ఏమిటో స్పష్టంగా తేలింది మాత్రం 1964లో. నూరేళ్ళకు పైగా ఆలస్యం! కారణం చూడండి. మార్ఫీన్, కొకైన్ రెండూ ఆల్కలాయిడ్లు. ఆమ్లం కలిపితే లవణం అవుతాయి, స్ఫటికం కడతాయి, కడిగి ఆరబెట్టుకోవచ్చు. గంజాయిలో ఉన్నది లవణం కట్టదు. అదొక జిగట నూనె. పైగా ఒకదానిలాగే మరొకటుండే పదుల కొద్దీ అణువులు అందులో కలిసిపోయి ఉంటాయి. వాటిని వేరు చేయడమంటే కలిపేసిన నువ్వుల నూనె, వేరుశనగ నూనె, కొబ్బరి నూనె మళ్ళీ విడివిడిగా తీయమన్నట్టే.

ఇజ్రాయెల్‌లో వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో రఫాయెల్ మెకూలమ్ అనే కుర్ర కెమిస్టు ఆ పనికి పూనుకున్నాడు. సరుకు కావాలి కదా, పోలీసుల్ని అడిగాడు. వాళ్ళు పట్టుకున్న 5 కిలోల హషీష్, అంటే గంజాయి జిగురు ముద్ద, ఇచ్చారు. అది సంచిలో పెట్టుకుని మామూలు సిటీ బస్సెక్కాడు. ఇదేం వాసనరా బాబూ అని బస్సులో వాళ్ళంతా అటూ ఇటూ చూశారట, ఈ సంగతి ఆయనే ముచ్చటగా చెప్పుకునేవాడు. ఆయనా, యెహియేల్ గావోనీ కలిసి 1964లో ఆ మత్తెక్కించే పదార్థం, టీహెచ్‌సీ, అణువు నిర్మాణాన్ని ప్రకటించారు. మెకూలమ్ 2023లో, తొంభై దాటాక పోయారు. చివరిదాకా ఈ అణువుల వెంటే ఉన్నారు.

సరే, మందు దొరికింది. మరి అది ఒంట్లో పట్టుకునేది దేన్ని? ఇక్కడ మళ్ళీ జిడ్డే అడ్డం పడింది.

కణం చుట్టూ ఉండే పొర కొవ్వుతో చేసింది. నూనెలాంటి టీహెచ్‌సీ వెళ్ళి ఆ కొవ్వులో కరిగిపోతుంది. దానికి ప్రత్యేకంగా గూడంటూ, అంటే వెళ్ళి కూర్చునే ప్రోటీన్, రిసెప్టర్ అంటూ ఏమీ ఉండదు, పొరలో కరిగి, పొరని కదిలించి, ఆ రకంగా మత్తిస్తుంది అని చాలామంది పెద్దవాళ్ళే నమ్మారు. ఈథర్ లాంటి మత్తుమందుల గురించి అప్పట్లో చెప్పిన మాటే ఇది. నమ్మడానికి వాళ్ళ దగ్గర ఆధారమూ ఉంది. టీహెచ్‌సీకి రేడియోధార్మికత తగిలించి మెదడు ముక్కల మీద పోస్తే అది అన్నిటికీ అంటుకుంది. పొరకి, గొట్టానికి, వడపోత కాగితానికి, అన్నిటికీ. అన్ని చోట్లా ఉందంటే ఏ చోటా లేనట్టే లెక్క.

మీ ఇళ్ళలో ప్లాస్టిక్ డబ్బాలో ఎప్పుడైనా ఆవకాయ పెట్టారా? ఎన్నిసార్లు తోమినా ఆ ఎరుపు పోదు. వేలు పెట్టి రాస్తే జిడ్డు తగులుతుంది. అదే ఆవకాయ జాడీలో పెడితే ఒక్క తోముడికి తెల్లగా వస్తుంది. ఈ సంగతి మా అమ్మకి తెలుసు. పీహెచ్‌డీలో చేరిన నాకు తెలియలేదు. రెండు నెలలు పోయాయి.

అప్పుడు నాకిచ్చిన పని ఒక మందు ఈ రిసెప్టర్‌కి ఎంత గట్టిగా అతుక్కుంటుందో కొలవడం. మందుని వరసగా పదింతల చొప్పున పలచన చేసుకుంటూ పోవాలి. ప్లాస్టిక్ గొట్టాల్లో చేశాను. ఒక గొట్టం నుంచి ఇంకో గొట్టానికి పోతున్న కొద్దీ మందు గోడలకి అంటుకుపోతోంది. ఆరో గొట్టంలో ఉండాల్సినంత మందు లేదు. ఆ సంగతి నాకు తెలియదు. గ్రాఫు గీస్తే ఒక రోజు ఇలా వస్తుంది, మర్నాడు అలా వస్తుంది. కణాలు పాడయ్యాయేమోనని కొత్తవి పెంచాను. బఫర్ మార్చాను. మా గైడ్‌తో చీవాట్లు తిన్నాను. చివరికి మా ల్యాబ్‌లో గాజుసామాను చూసుకునే పెద్దాయన, అంకుల్ అని పిలిచేవాళ్ళం, ఒక రోజు నా బల్ల దగ్గర నిలబడి, "ఇది నూనె మందు కదా, గాజు గొట్టాలు వాడవేం?" అన్నారు. అంతే. సిలికాన్ పూత పూసిన గాజు గొట్టాలు, బఫర్‌లో కాస్త ఆవు రక్తపు ఆల్బుమిన్. ఆ ఆల్బుమిన్ జిడ్డుని మోసుకు తిరిగే ప్రోటీన్, గోడల మీదకి పోనివ్వకుండా మందుని నీళ్ళలోనే ఉంచుతుంది. వారంలో గ్రాఫు దారికొచ్చింది. పీహెచ్‌డీ పట్టా మీద మా అంకుల్ సంతకం కూడా ఉండాల్సింది.

ఇప్పుడు 1988కి వద్దాం. అమెరికాలో సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో ఆలిన్ హౌలెట్, ఆమె విద్యార్థి విలియం డివేన్. హౌలెట్ అప్పటికే నాడీకణాల్లాంటి కణాలు పెంచి వాటి మీద ఈ మందులు వేస్తే కణం లోపల సైక్లిక్ ఏఎంపీ అనే కబురు అణువు తగ్గిపోతోందని చూపించింది. ఒక పద్ధతి ప్రకారం తగ్గుతోంది. పొరలో కరిగి గందరగోళం చేసేదయితే అలా లెక్కగా తగ్గదు. కాబట్టి గూడు ఉండాలి. కానీ టీహెచ్‌సీతో వెతికితే జిడ్డు. అదృష్టం కొద్దీ ఫైజర్ కంపెనీ వాళ్ళు నొప్పి మాత్ర కోసం గంజాయి అణువుని అటూ ఇటూ మార్చి ఒక కృత్రిమ మందు చేసి పెట్టారు. దాని పేరు సీపీ-55,940. టీహెచ్‌సీ కంటే దీనికి జిడ్డు తక్కువ, పట్టు చాలా ఎక్కువ. మాత్రగా అది బయటికి రాలేదు గానీ దానికి ట్రిటియం, అంటే రేడియోధార్మిక హైడ్రోజన్, తగిలిస్తే బ్రహ్మాండమైన పరికరం అయింది.

ఎంత పట్టు అంటారా? నానోమోలార్ లెక్కలో సుమారు 1. అంటే లీటరు నీళ్ళలో ఎంత మందు ఉంటే గూళ్ళలో సగం నిండుతాయన్న మాట. ఒక గ్రాముని కోటి భాగాలు చేసి, అందులో నాలుగు లీటరు నీళ్ళలో వేస్తే చాలు. టీహెచ్‌సీకి అదే పని చెయ్యాలంటే సుమారు నలభై రెట్లు కావాలి.

బైండింగ్ ప్రయోగం ఎలా చేస్తారో చెప్తాను, ఇది మీరు పుస్తకంలో చదివి ఉంటారు కానీ చేతిలో పెట్టి చూపించేవాళ్ళు తక్కువ. ఎలక మెదడుని రుబ్బి, తిప్పి, పొరల ముక్కల్ని పోగేసుకుంటాం. వాటి మీద ట్రిటియం తగిలించిన మందు పోస్తాం. గంటసేపు 30 డిగ్రీల దగ్గర ఉంచుతాం. తర్వాత గాజు నారతో చేసిన వడపోత కాగితం మీద పోసి, చల్లటి బఫర్‌తో గబగబా కడుగుతాం. నిదానంగా కడిగితే నిజంగా అతుక్కున్నది కూడా ఊడి వచ్చేస్తుంది. మందు అతుక్కున్న పొరలు కాగితం మీద మిగులుతాయి. కాగితాన్ని చిన్న సీసాలో వేసి, కిరణం తగిలితే మెరిసే ద్రావణం పోసి, కౌంటర్‌లో పెడితే అంకెలు వస్తాయి. ట్రిటియం కిరణం ఎంత బలహీనమంటే మామూలు గైగర్ కౌంటర్‌కి కూడా దొరకదు. బల్ల మీద ఒలికిందో లేదో తెలియాలంటే దూదితో తుడిచి ఆ దూదిని కౌంటర్‌లో పెట్టాలి.

ఇంతకీ ఆ అంకెల్లో నిజమెంత, జిడ్డెంత? రైలు తలుచుకోండి. రిజర్వేషన్ బోగీలో 72 బెర్తులే. గుమ్మంలో వేలాడేవాళ్ళకి మాత్రం లెక్క లేదు, జనం వస్తున్న కొద్దీ పెరుగుతారు. బయటినుంచి బోగీలో మొత్తం జనాన్ని లెక్కపెడితే బెర్తులెన్నో తెలియదు. అందుకని ఇంకో బోగీ తెస్తాం. అందులో ట్రిటియం లేని మందుని వెయ్యింతలు ముందే ఎక్కించేస్తాం. బెర్తులన్నీ వాళ్ళే ఆక్రమిస్తారు. ఆ తర్వాత ఎక్కిన ట్రిటియం మందుకి వేలాడడం తప్ప దారి లేదు. మొదటి బోగీ లెక్కలోంచి ఈ రెండో బోగీ లెక్క తీసేస్తే, మిగిలినవాళ్ళు బెర్తు దొరికినవాళ్ళు. డివేన్, హౌలెట్ ఇలా తీసివేతలు చేసి చూస్తే బెర్తులు నిండడం ఆగిపోయే చోటు కనిపించింది. అంటే బెర్తులు ఉన్నాయి. గూడు ఉంది.

అయితే గూడు ఉందనడం వేరు, దాన్ని చేతిలో పట్టుకోవడం వేరు. 1990లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో లీసా మట్సూడా, టామ్ బోనర్ వాళ్ళ చేతికి ఎలక మెదడు లోంచి ఒక జన్యువు చిక్కింది. చూడ్డానికి పొరని ఏడుసార్లు కుట్టినట్టు దూరే రిసెప్టరే, కానీ దేనికో తెలియదు. ఇలాంటి వాటిని అనాథ రిసెప్టర్లు అంటాం. ఉన్న మందులన్నీ పోసి చూశారు, ఏదీ పనిచెయ్యలేదు. అదే సంస్థలో మైల్స్ హర్కెన్‌హమ్ ట్రిటియం సీపీతో మెదడు పల్చటి కోతల మీద పటం గీస్తున్నాడు. అనాథ జన్యువు ఏ ఏ చోట్ల ఉందో, ఆ పటంలో నల్లబడ్డ చోట్లూ అవే. అప్పుడు గంజాయి మందు పోశారు. పలికింది. అదే సీబీ1. మనిషిలో అది 472 అమైనో ఆమ్లాల దండ. 1993లో కేంబ్రిడ్జ్‌లో షాన్ మన్రో, రక్త క్యాన్సర్ కణాల లోంచి దీని తమ్ముణ్ణి తీశాడు. అది సీబీ2, 360 అమైనో ఆమ్లాలు, ప్లీహంలోనూ రక్షణ కణాల్లోనూ ఎక్కువ.

మధ్యలో 1992. గంజాయి కోసమని ప్రకృతి మన మెదడులో గూడు కట్టి పెట్టదు కదా, ఒంట్లోనే ఏదో ఉండాలి. మెకూలమ్ దగ్గరికి చేరిన డివేన్, లూమీర్ హనుష్‌తో కలిసి పంది మెదడు లోంచి ఒక కొవ్వు అణువుని తీశాడు. ఇదీ జిడ్డే! దానికి మన సంస్కృతం లోంచి పేరు పెట్టారు, ఆనందమైడ్ అని. డివేన్‌కి ఆనందం అన్న మాట నచ్చింది. మనకి మాత్రం ఆ పేరు వినగానే పాలిమర్ కంపెనీలా అనిపిస్తుంది.

ఈ గూడు చేసే పని ఒక్క ఉదాహరణతో చెప్పి ముందుకెళ్తాను. పెళ్ళి భోజనంలో పులిహోర వడ్డించేవాడు వస్తున్నాడు. చాలు అనుకుంటే ఏం చేస్తారు? ఆకు మీద చెయ్యి అడ్డం పెడతారు. మెదడులో కబురు మామూలుగా పంపే కణం నుంచి అందుకునే కణానికి పోతుంది. ఈ ఆనందమైడ్ లాంటివి మాత్రం ఎదురు నడుస్తాయి. అందుకునే కణమే వీటిని తయారుచేసి వెనక్కి పంపుతుంది, వడ్డించే కణం కొసన ఉన్న సీబీ1కి తగిలి, ఇక చాలు, తగ్గించు అంటుంది. అవసరమైన ఆకు దగ్గరే, ఒక్క క్షణమే. గంజాయి పీల్చినవాడి మెదడులో ఎవరో వచ్చి బంతిలో అందరి ఆకుల మీదా గంటల తరబడి చెయ్యి అడ్డం పెట్టేస్తారు. జ్ఞాపకాలు చూసుకునే హిప్పోకాంపస్‌లో, నడక తూకం చూసుకునే చిన్నమెదడులో ఈ గూళ్ళు దట్టంగా ఉంటాయి. ఊపిరి నడిపే మెదడు కాండంలో బాగా తక్కువ. నల్లమందు ఎక్కువైతే ఊపిరి ఆగినట్టు దీనితో ఆగకపోవడానికి ముఖ్య కారణం అదే. అలాగని ఇది మంచిదని కాదు, ప్రిన్సిపాల్ గారు నా వైపే చూస్తున్నారు.

ల్యాబ్‌కి తిరిగొద్దాం. అతుక్కోవడం ఒకటి, పనిచేయడం ఇంకొకటి. గూడులో కూర్చున్న మందు గంట కొడుతోందా, ఊరికే కూర్చుందా అని తెలియాలి కదా. సైక్లిక్ ఏఎంపీ కొలుస్తాం అన్నాను. చిక్కేమిటంటే సీబీ1 పని దాన్ని తగ్గించడం. మామూలు కణంలో అది ముందే తక్కువ, ఇంకా తగ్గితే ఏం కనిపిస్తుంది? అందుకని మొదట ఫోర్‌స్కోలిన్ అనే మందు వేసి దాన్ని బాగా పెంచుతాం, తర్వాత తగ్గుదల చూస్తాం. ఈ ఫోర్‌స్కోలిన్ మన దేశపు మొక్క లోంచి వచ్చింది. కోలియస్ జాతి, దుంప వేళ్ళ మొక్క, కర్ణాటక, తమిళనాడు రైతులు సాగు చేస్తారు. ముంబైలోని హెక్స్ట్ కంపెనీ పరిశోధనశాలలో 1970లలో విడదీశారు. ఇవాళ ప్రపంచంలో ఏ ల్యాబ్‌లో ఈ రకం రిసెప్టర్ కొలిచినా బల్ల మీద ఆ సీసా ఉంటుంది. ఈ సంగతి మన పాఠ్యపుస్తకాల్లో ఎందుకు రాయరో నాకర్థం కాదు.

ఇప్పుడు నాకు కాస్త కోపం తెప్పించే విషయం. యాంటీబాడీలు, అంటే ఒక ప్రోటీన్‌ని వెతికి పట్టుకునే ప్రోటీన్లు. సీబీ1 ఎక్కడుందో చూడాలంటే క్యాటలాగ్ తెరిచి, యాంటీబాడీ కొని, కోత మీద పోసి, రంగొచ్చిన చోట రిసెప్టర్ ఉందని రాసేస్తారు. అంగడిలో దొరికే వాటిలో కొన్ని సీబీ1ని కాక వేరే ప్రోటీన్లని పట్టుకుంటాయి. ఒకదాని విషయంలో అయితే అది పట్టుకుంటున్నది మైటోకాండ్రియాలోని వేరే ప్రోటీన్‌ని అని తేలింది. నిజం తేల్చే దారి ఒక్కటే. ఆ జన్యువే తీసేసిన ఎలకలు 1999 నుంచీ ఉన్నాయి. వాటి మెదడు మీద కూడా అదే యాంటీబాడీ పోయాలి. అక్కడా రంగొస్తే డబ్బాతో సహా చెత్తబుట్టలో వెయ్యాలి. మెదడు నాడీకణాల్లో సీబీ2 ఉందా లేదా అన్న తగవు ఇన్నేళ్ళు నడవడానికి ఒక పెద్ద కారణం ఇలాంటి యాంటీబాడీలే. ఇది కూడా జిడ్డే కదా. వేలాడేవాళ్ళని బెర్తు ఉన్నవాళ్ళుగా లెక్కపెట్టడం.

గూడుని మూసేసే మందు కథ మీలో ఫార్మా వైపు వెళ్ళేవాళ్ళు వినాలి. గంజాయి తాగితే ఆకలి వేస్తుంది, కాబట్టి సీబీ1ని మూసేస్తే ఆకలి తగ్గి సన్నబడతారు. తర్కం బాగుంది. సనోఫీ వాళ్ళు 1994లో ప్రకటించిన మందు రిమోనబాంట్. ల్యాబ్‌లో దానికి సాటి లేదు. మందు చేసిన పని సీబీ1 ద్వారానే జరిగిందా అని అనుమానమొస్తే, రిమోనబాంట్ వేసి ఆగిందో లేదో చూస్తాం. 2006లో యూరప్‌లో ఊబకాయానికి మాత్రగా వచ్చింది. బరువు తగ్గారు కూడా. కానీ కొందరిలో దిగులు, ఆత్మహత్య ఆలోచనలు మొదలయ్యాయి. 2008లో ఆపేశారు, మన దేశంలో 2009లో నిషేధించారు. ఆకలి గూడూ, మనసు గూడూ ఒకటే ప్రోటీన్ మరి. ఒకదాన్ని మూసి రెండోదాన్ని తెరిచి ఉంచడం ఆ మాత్ర వల్ల కాలేదు. ఇవాళ మెదడులోకి పోకుండా ఒంట్లోని సీబీ1ని మాత్రమే మూసే మందుల కోసం వెతుకుతున్నారు.

దీనికి తిరగేసిన కథ జేడబ్ల్యూహెచ్-018ది. క్లెమ్సన్ యూనివర్సిటీలో జాన్ హఫ్‌మన్ అనే ఆర్గానిక్ కెమిస్టు ఈ గూడు ఆకారం తెలుసుకోవడానికి వందల అణువులు చేశాడు, తన పేరులోని అక్షరాలే వాటికి పెట్టాడు. పత్రికల్లో తయారీ విధానంతో సహా అచ్చయ్యాయి. ఎవరో అది చదివి, తయారుచేసి, ఎండుటాకుల మీద చల్లి స్పైస్ అని అమ్మారు. 2008లో జర్మనీలో ఆ పొట్లాల్లో ఇది బయటపడింది. టీహెచ్‌సీ గూడులో కూర్చుని గంట సగమే కొడుతుంది. ఇది పూర్తిగా కొడుతుంది. ఆసుపత్రుల పాలైనవాళ్ళు ఎందరో.

ఇక చివరి మెట్టు. గూడు ఆకారం కంటితో చూడాలంటే ప్రోటీన్ మిల్లీగ్రాముల లెక్కన కావాలి. మెదడు రుబ్బితే అంత రాదు. అందుకని పురుగుల కణాల్లో తయారుచేయిస్తారు. ఒక రకం చిమ్మట అండాశయం నుంచి తీసిన కణాలు, వైరస్‌తో మనిషి జన్యువుని అందులోకి ఎక్కిస్తారు. తమాషా ఏమిటంటే కీటకాలకి ఈ రిసెప్టర్ సొంతంగా లేదు. కాబట్టి ఆ కణంలో దొరికినదంతా మనం పెట్టినదే. తర్వాత సబ్బులాంటి పదార్థాలతో పొర నుంచి ప్రోటీన్‌ని వదిలించాలి. ఎక్కువ సబ్బు పెడితే ప్రోటీన్ చచ్చిపోతుంది, తక్కువ పెడితే బయటికి రాదు. వదులుగా ఊగే కొసల్ని కత్తిరించి, కణం లోపలి వైపు ఉన్న ఒక మలుపులో ఇంకో గట్టి ప్రోటీన్‌ని అతికించి, టూత్‌పేస్టులా ఉండే కొవ్వు ముద్దలో స్ఫటికం కట్టిస్తారు. 2016 చివర్లో వారాల తేడాతో రెండు బృందాలు సీబీ1 ఆకారం ప్రకటించాయి. 2019లో సీబీ2 వచ్చింది.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? చెప్పమ్మా.

(ఒక విద్యార్థిని: సార్, ఇవన్నీ మన కాలేజీలో చెయ్యగలమా?)

మంచి ప్రశ్న. ట్రిటియం కావాలంటే అణుశక్తి నియంత్రణ బోర్డు అనుమతి కావాలి. టీహెచ్‌సీ కావాలంటే మత్తుమందుల చట్టం కింద అనుమతులు. అవి మీ కాలేజీకి అయ్యే పని కాదు. కానీ ఆ 2016 ఆకారం ఇంటర్నెట్‌లో ఉచితం. ప్రోటీన్ డేటా బ్యాంక్‌లో 5టీజీజెడ్ అని కొట్టండి. రాసుకున్నారా? భోజనాల తర్వాత మీ కంప్యూటర్ ల్యాబ్‌లో రెండు గంటలు ఇచ్చారు నాకు. తెరిచి, గూడు గోడల మీద ఉన్న అమైనో ఆమ్లాలు ఒక్కొక్కటీ లెక్కపెడదాం. ఫినైల్‌అలనిన్ ఎన్ని చోట్ల ఉందో మీరే చూడండి. నీళ్ళంటే గిట్టని గోడలు. గూడు లోపల కూడా జిడ్డే. పైన మూత ఒకటి ఉంటుంది, అందుకని మందు నీళ్ళ వైపు నుంచి కాకుండా పక్కనున్న కొవ్వు పొర లోంచే జారి లోపలికి పోతుందని గట్టిగా అనుకుంటున్నారు. ఆ సందు ఎక్కడుందో మీకు కనిపిస్తుందేమో చూద్దాం. ముందు భోజనం. మెనూలో పులిహోర ఉందన్నారు.